పశువుల్లో క్షయ: రెండు పరీక్షలను ఒకే మందలో పెట్టి పోల్చడం ఎలా?

"మెడ మీద సూది పరీక్షలో పాజిటివ్ వచ్చింది. రక్తం పంపితే నెగటివ్ అన్నారు. దేన్ని నమ్మమంటారు?" ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా నా దగ్గరికి వస్తుంది. దాని వెంటే ఇంకొకటి: "అసలు వీటిలో ఏది మంచి పరీక్ష?" మొదటిదానికి జవాబుంది. రెండోదాన్ని మాత్రం కాస్త మార్చి అడగాలి. ఏ మందలో, ఏ పని కోసం అన్నది తేలకుండా పశుక్షయకు మంచి పరీక్ష అంటూ ఏదీ ఉండదు. జబ్బు లేని మందను లేదని తేల్చుకోవడం వేరు, జబ్బు పాకిన మందలో దాగిన చివరి ఆవును పట్టుకోవడం వేరు.

కాబట్టి ఎవరో ఎక్కడో చెప్పిన శాతాలను పక్కన పెట్టి, మీ మందలోనే రెండు పరీక్షలను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి రాస్తున్నాను. సూది వేయాల్సింది, రక్తం తీయాల్సింది పశువైద్యులే. డైరీ నడిపేవారు కూడా చదవండి. రాతకోతలు, పశువులను పట్టి నిలబెట్టడం ఎలాగూ మీ మీదే పడతాయి.

ఒక హెచ్చరిక ముందే చెప్తాను. పశుక్షయ క్రిమి మైకోబాక్టీరియం బోవిస్ పచ్చిపాల ద్వారా, దగ్గు తుంపర్ల ద్వారా మనుషులకూ వస్తుంది. పరీక్షలు మొదలైన రోజు నుంచి ఆ మంద పాలను కాచకుండా ఎవరూ తాగకూడదు. చాలా చోట్ల ఇది అధికారులకు తెలియజేయాల్సిన జబ్బు. పాజిటివ్ వస్తే ఏం చేయాలో పశుసంవర్ధక శాఖతో ముందే మాట్లాడుకుని ఆ తర్వాతే సూది పట్టుకోండి.

ఏ పరీక్ష ఏం చూస్తుంది?

సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు.

చర్మ పరీక్షలు (ట్యుబర్క్యులిన్ సూది వేసి వాపు చూసేవి), గామా ఇంటర్‌ఫెరాన్ రక్తపరీక్ష (రక్తకణాలు విడుదల చేసే ఆ పేరున్న ప్రొటీన్‌ను కొలిచేది), ఈ రెండూ పశువు కణాల రోగనిరోధక స్పందనను చూస్తాయి. సోకిన కొన్ని వారాలకే ఇది మొదలవుతుంది. యాంటీబాడీ ఎలీసా ప్రతిరక్షకాలను చూస్తుంది. అవి సాధారణంగా జబ్బు ముదిరాక పెరుగుతాయి. కల్చర్, పీసీఆర్ నేరుగా క్రిమినే వెతుకుతాయి, కానీ క్రిమి ఉన్న కణజాలం దొరికితేనే. అంటే మొదటి రెండూ ఒకే కిటికీలోంచి చూస్తున్నాయి, ఎలీసా వేరే కిటికీలోంచి చూస్తోంది. ఈ తేడా చివరి లెక్కల్లో మళ్లీ పనికొస్తుంది.

ఏమేం కావాలి?

- బోవైన్ ట్యుబర్క్యులిన్, ఏవియన్ ట్యుబర్క్యులిన్ (క్షయ క్రిమి నుంచి తీసిన ప్రొటీన్లు; మొదటిది పశువుల క్రిమిది, రెండోది పక్షుల క్రిమిది; రెండూ శుద్ధిచేసిన పీపీడీ రకం). ఒక్కో సూదికి 2000 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకుండా, సాధారణంగా 0.1 మిల్లీలీటరు.
- రెండు వేర్వేరు సిరంజీలు. ఒకదానికి ఎర్ర టేపు, ఒకదానికి నీలం టేపు చుట్టండి. ఏ రంగు దేనిదో నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి.
- మిల్లీమీటర్లలో చర్మం మందం కొలిచే కాలిపర్.
- వెంట్రుకలు తీసే క్లిప్పర్ లేదా కత్తెర.
- రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉన్న ట్యూబులు (గామా ఇంటర్‌ఫెరాన్ కోసం), మామూలు సీరం ట్యూబులు (ఎలీసా కోసం).
- మంచు పెట్టని థర్మోబాక్సు. ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాను.
- గట్టి ట్రెవిస్ (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం). తల ఊపే పశువుకు చర్మంలోకి సూది వేయలేం. ఈ ఒక్కటీ లేకపోతే పని మొదలుపెట్టొద్దు.
- చెవి ట్యాగు నంబరు, వయసు, ఈనిన తేదీ, గత పరీక్ష తేదీ, వాడిన మందులు రాయడానికి గళ్లు గీసిన రిజిస్టరు.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"చర్మ పరీక్ష వదిలేసిన పశువుల్లో ఎన్నింటిని గామా ఇంటర్‌ఫెరాన్ పట్టుకుంటుంది?" అన్నది సరైన ప్రశ్న. "ఏది బెస్ట్?" అన్నది కాదు. ఎంతకు పైన పాజిటివ్ అంటారో, ఆ కటాఫ్‌ను కూడా ఈ రోజే, ఫలితాలేవీ చూడకముందే రాసి సంతకం పెట్టండి. ఫలితాలు వచ్చాక కటాఫ్ అటూ ఇటూ జరిపితే ఏ పరీక్షనైనా గెలిపించొచ్చు.

రక్తపరీక్ష చేసే ల్యాబ్ అందుబాటులో లేదా? అయినా పోలిక చేయొచ్చు. మెడ మీద రెండు సూదులు వేస్తే ఆ ఒక్క కొలతతోనే రెండు పరీక్షల ఫలితాలు వస్తాయి. బోవైన్ వాపును మాత్రమే చూస్తే అది సింగిల్ పరీక్ష, రెండింటి తేడా చూస్తే కంపారిటివ్ పరీక్ష. పైసా అదనపు ఖర్చు లేని పోలిక ఇది. ఎందుకో చాలామందికి తట్టదు.

2. పశువులను ఎంచుకోండి

ఒకే పశువుకు రెండు పరీక్షలూ చేయాలి. సగం మందకు ఒకటి, మిగతా సగానికి ఇంకొకటి చేసి శాతాలు పోలిస్తే అది పోలిక కాదు.

వీటిని ఈసారికి పక్కన పెట్టండి, లేదా వేరే జాబితాగా రాయండి:

- ఈని ఆరు వారాలు దాటనివి. ఈనిన తర్వాత చర్మ స్పందన తగ్గుతుంది.
- గత 60 రోజుల్లో ట్యుబర్క్యులిన్ సూది పడినవి.
- ఇటీవల డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు ఇచ్చినవి.
- బీసీజీ టీకా వేసినవి. వీటికి మామూలు ట్యుబర్క్యులిన్ పరీక్షలు పనికిరావు. ఈఎస్ఏటీ-6, సీఎఫ్‌పీ-10 అనే ప్రత్యేక యాంటిజెన్లు (రోగనిరోధక స్పందన రేపే క్రిమి ప్రొటీన్లు) వాడే పరీక్ష కావాలి, ఎందుకంటే బీసీజీలో ఆ రెండూ లేవు.

ఎన్ని పశువులు కావాలి? మనసుకు కష్టమైన లెక్క ఇది. ఒక పరీక్ష జబ్బును 80 శాతం పట్టుకుంటుందని అంచనా ఉండి, దాన్ని పది శాతం అటూఇటూగా తేల్చాలంటే నిజంగా జబ్బున్న పశువులే దాదాపు 62 కావాలి. స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాటిలో ఎన్నింటిని సరిగ్గా నెగటివ్ అంటుందన్న శాతం) 99 శాతమని ఒక శాతం అటూఇటూగా చెప్పాలంటే జబ్బు లేనివి దాదాపు 380 కావాలి. అన్ని లేకపోతే పని మానేయనక్కర్లేదు. చివర్లో గొప్పలు చెప్పకుండా ఉంటే చాలు.

3. రోజుల వరుస గీసుకోండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. చర్మంలోకి వేసిన ట్యుబర్క్యులిన్ తర్వాతి పరీక్షల మీద ప్రభావం చూపుతుంది. అందుకని:

- సున్నా రోజు: ముందు రక్తం (హెపారిన్, సీరం రెండూ), ఆ తర్వాతే మెడ మీద సూదులు.
- మూడో రోజు: సూది వేసిన 72 గంటలకు కొలత.
- 15 నుంచి 30 రోజుల మధ్య: ఎలీసా కోసం మళ్లీ సీరం. ట్యుబర్క్యులిన్ పడ్డాక, అప్పటికే జబ్బున్న పశువుల్లో యాంటీబాడీలు ఎగబాకుతాయి. మొదటి సీరంలో చిక్కనివి కొన్ని రెండోదాంట్లో చిక్కుతాయి.
- 60 రోజుల తర్వాత: అనుమానాస్పదంగా తేలినవాటికి మళ్లీ చర్మ పరీక్ష.

సూదులు శుక్రవారం వేయకండి. 72 గంటలు లెక్కేస్తే సోమవారమే వస్తుంది గానీ, ఆదివారం సాయంత్రమే "ఇప్పుడే చూసేద్దాం" అనే మాట తప్పకుండా వస్తుంది. సోమ, మంగళవారాల్లో వేసేయండి.

4. రక్తం తీయండి

హెపారిన్ ట్యూబులోకి తీసి, కుదపకుండా ఏడెనిమిది సార్లు తలకిందులు చేయండి. ట్యూబు మీద ట్యాగు నంబరును పశువు ట్రెవిస్‌లో ఉండగానే, దాని చెవి చూస్తూ రాయండి. ముందుగా వరుస నంబర్లు రాసి పెట్టుకున్న ట్యూబులతో నేను రెండుసార్లు బోల్తా పడ్డాను. మధ్యలో ఒక పెయ్య వరుస తప్పించుకుంటే చాలు, దాని వెనకున్న అన్ని నంబర్లూ ఒకటి చొప్పున జరిగిపోతాయి.

హెచ్చరిక: గామా ఇంటర్‌ఫెరాన్ రక్తాన్ని ఐస్‌లో పెట్టకండి. రక్తం అనగానే ఐస్ బాక్సులోకి చెయ్యి వెళ్లే అలవాటు మనందరిదీ. ఈ పరీక్షకు బతికున్న కణాలు కావాలి. అవి 22 డిగ్రీల దగ్గర, మామూలు గది వేడిలో ల్యాబ్‌కు చేరాలి, అదీ అదే రోజు. ఒకసారి మా బృందంలో కొత్తగా చేరిన కుర్రాడు శ్రద్ధగా కిందా మీదా ఐస్ ప్యాక్‌లు సర్ది మరీ పంపాడు. మర్నాడు ల్యాబ్ నుంచి వచ్చిన షీటులో అన్నీ నెగటివే. మందంతా శుభ్రమని సంబరపడే లోపు మైటోజెన్ గడి (కణాలను రెచ్చగొట్టి అవి బతికున్నాయో లేదో చూసే గడి) కనబడింది. అదీ సున్నాయే. బతికున్న రక్తమైతే మైటోజెన్‌కు తప్పకుండా స్పందించాలి. నలభై పశువుల రక్తం మళ్లీ తీయాల్సి వచ్చింది.

5. మెడ మీద రెండు సూదులు

మెడ ముందు భాగం, మధ్య భాగం కలిసేచోట వెంట్రుకలు కత్తిరించండి. మెడ పై అంచు నుంచి దాదాపు 10 సెంటీమీటర్ల కింద ఏవియన్. దానికి 12.5 సెంటీమీటర్ల కింద, భుజం వాలుకు సమాంతరంగా బోవైన్. దూడ మెడ మీద అంత చోటు ఉండదు కాబట్టి మెడకు ఒకవైపు ఒకటి, రెండోవైపు ఇంకొకటి వేయండి.

సూది వేసే ముందే రెండు చోట్లా చర్మాన్ని మడతపట్టి కాలిపర్‌తో కొలిచి రాయండి. మందం కళ్లతో అంచనా వేయొద్దు. అక్కడ ముందే గడ్డో, పాత గాయమో తగిలితే చోటు మార్చండి.

పొట్టి సూదిని, దాని వాలు అంచు బయటికి ఉండేలా, ఏటవాలుగా చర్మం లోపలి పొరల్లోకి దింపి మందు వేయండి. తీసిన వెంటనే వేలితో తడమండి. బఠాణీ గింజంత గడ్డ చేతికి తగలాలి. తగిలితేనే సూది సరిగ్గా పడినట్టు. ఏమీ తగలకపోతే మందు చర్మం కిందికి పోయిందన్నమాట. ఆ పశువు పక్కన "సూది తప్పింది" అని రాయండి. సిగ్గుపడి రాయడం మానేస్తే మూడో రోజున అదే "నెగటివ్" అయి కూర్చుంటుంది.

ప్రత్యామ్నాయం: పెద్ద మందలో వేగంగా తొలి వడపోతకు తోక మడతలో బోవైన్ ట్యుబర్క్యులిన్ ఒక్కటే వేసి 72 గంటలకు కళ్లతో, వేలితో చూసే పద్ధతి ఉంది. పని తేలిక. కానీ తోక చర్మానికన్నా మెడ చర్మం బాగా స్పందిస్తుంది. తోక దగ్గర వాపు కనిపించిన వాటికి మెడ పరీక్ష పెడతారు. పోలిక కోసమైతే నా ఓటు మెడకే, ఎందుకంటే అక్కడ చేతిలో కొలత ఉంటుంది.

6. 72 గంటలకు కొలవండి

ముందు కొలిచిన మనిషే, అదే కాలిపర్‌తో, మళ్లీ కొలవాలి. కాలిపర్‌ను నొక్కే బలం మనిషి మనిషికీ మారుతుంది. రెండు మిల్లీమీటర్ల తేడా అక్కడే వచ్చేస్తుంది. తీర్పు మారడానికి ఆ రెండు మిల్లీమీటర్లు చాలు.

కొలిచేవారికి రక్తపరీక్ష ఫలితం తెలియకూడదు. ల్యాబ్ వారికి చర్మ పరీక్ష ఫలితం తెలియకూడదు. ఇది ఎవరి మీదో అనుమానంతో పెట్టిన నియమం కాదు. పాజిటివ్ అని ముందే వినివున్న చెయ్యి కాలిపర్‌ను కాస్త వదులుగా పడుతుంది, అంతే.

మందంతో పాటు చూడాల్సినవి: నీరు పట్టినట్టు పరుచుకున్న వాపు, రసి కారడం, చర్మం చచ్చి నల్లబడటం, ముట్టుకుంటే నొప్పి, దగ్గరి లింఫ్ గ్రంథి ఉబ్బడం.

7. తీర్పు రాయండి

సింగిల్ పరీక్ష (బోవైన్ మాత్రమే):
- పెరుగుదల 2 మిల్లీమీటర్ల లోపు, పై లక్షణాలేవీ లేవు: నెగటివ్.
- 2 దాటి 4 లోపు, లక్షణాలు లేవు: అనుమానాస్పదం.
- 4 లేదా ఆపైన, లేదా లక్షణాల్లో ఏ ఒక్కటున్నా: పాజిటివ్.

కంపారిటివ్ పరీక్ష (బోవైన్ పెరుగుదలలోంచి ఏవియన్ పెరుగుదలను తీసేస్తే):
- తేడా 4 మిల్లీమీటర్లు దాటితే పాజిటివ్.
- 1 నుంచి 4 మధ్య అయితే అనుమానాస్పదం.
- బోవైన్ స్పందనే నెగటివ్‌గా ఉన్నా, లేదా ఏవియన్‌తో సమానంగానో దానికన్నా తక్కువగానో ఉన్నా నెగటివ్.

మూడు పశువులతో చూద్దాం. మొదటి ఆవుకు ఏవియన్ చోట 8 నుంచి 11కి, బోవైన్ చోట 8 నుంచి 17కి పెరిగింది. పెరుగుదలలు 3, 9. తేడా 6. రెండు పద్ధతుల్లోనూ పాజిటివే. రెండో ఆవుకు ఏవియన్ 7 నుంచి 13, బోవైన్ 7 నుంచి 12. సింగిల్‌గా చూస్తే 5 పెరిగింది కాబట్టి పాజిటివ్. కంపారిటివ్‌లో ఏవియన్‌దే పైచేయి, కాబట్టి నెగటివ్. ఈ ఆవుకు జోన్స్ వ్యాధి (పేగులకు వచ్చే ఇంకో మైకోబాక్టీరియం జబ్బు) క్రిమో, మట్టిలోని ఇంకేదో మైకోబాక్టీరియమో తగిలి ఉండొచ్చు. మూడో ఆవుకు ఏవియన్ 7 నుంచి 10, బోవైన్ 7 నుంచి 13. తేడా 3, అనుమానాస్పదం. జబ్బు రూఢి అయిన మందలో కఠిన పద్ధతి పాటిస్తే, అంటే 2 దాటితే పాజిటివ్ అనుకుంటే, ఇదే ఆవు పాజిటివ్ అవుతుంది.

ఒకే పరీక్ష, ఒకే కొలత, గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి పశువు అటో ఇటో. మొదటి మెట్టులోనే కటాఫ్ రాయమన్నది ఇందుకే.

8. ల్యాబ్ నుంచి ఇవి అడిగి తీసుకోండి

"పాజిటివ్ / నెగటివ్" అని మాత్రమే వచ్చే షీటుతో సరిపెట్టుకోకండి. ప్రతి పశువుకూ నాలుగు అంకెలు అడగండి: యాంటిజెన్ వేయని గడి, ఏవియన్ గడి, బోవైన్ గడి, మైటోజెన్ గడి. యాంటిజెన్ వేయని గడి ఎక్కువగా ఉన్నా, మైటోజెన్ గడి తక్కువగా ఉన్నా ఆ నమూనా చెల్లదు. చెల్లని దాన్ని నెగటివ్‌లో కలిపేయడం నేను అతి తరచుగా చూసే తప్పు. కటాఫ్ కిట్‌ను బట్టి మారుతుంది కాబట్టి కిట్ పేరు, బ్యాచ్ నంబరు కూడా రాసుకోండి.

9. నిజం దేనితో సరిచూస్తారు?

రెండు పరీక్షలు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తే రెండూ సరైనవని కాదు. రెండూ కలిసే తప్పు చేయొచ్చు. అందుకే మూడో సాక్షి కావాలి.

చంపడానికి అనుమతి ఉన్న చోట, ఆ సాక్షి శవపరీక్ష. మాస్కు, గ్లవుజులు తప్పనిసరి, అదీ ఎన్95 రకం మాస్కు. గొంతు వెనకాల ఉండే రెట్రోఫారింజియల్ గ్రంథులు, ఊపిరితిత్తుల దగ్గరి బ్రాంకియల్, మీడియాస్టైనల్ గ్రంథులు, పేగుల దగ్గరి మీసెంటెరిక్ గ్రంథులు, వీటిని సన్నని ముక్కలుగా కోస్తూ చూడాలి. మీద మీద ఒక గాటు పెట్టి "ఏమీ లేదు" అంటే ఒప్పుకోకండి. మినపగింజంత పచ్చని జున్నులాంటి గడ్డ కత్తికి ఇసుక తగిలినట్టు గరగరమంటుంది. కంటికన్నా ముందు చెయ్యే దాన్ని పట్టేస్తుంది.

గడ్డ కనిపించకపోయినా నమూనా పంపండి. జబ్బు తొలిదశలో కంటికి ఏమీ కనిపించదు. కల్చర్‌కు పంపే ముక్కను ఫార్మలిన్‌లో వేయకండి, క్రిమి చచ్చిపోతుంది. ఒక ముక్క ఫార్మలిన్‌లో, దాని పక్క ముక్క చల్లగా ఖాళీ శుభ్రమైన డబ్బాలో, ఇలా రెండు పంపండి. బోవిస్‌కు గ్లిసరాల్ ఉన్న మామూలు మీడియం నచ్చదు, పైరువేట్ కలిపినది కావాలి. మనుషుల నమూనాలు మాత్రమే చేసే ల్యాబ్‌కు పంపేటట్టయితే ఈ మాట ముందే చెప్పండి. ఫలితానికి రెండు నెలలైనా ఓపిక పట్టాలి. పీసీఆర్ ముందే వస్తుంది, కానీ ముక్కలో క్రిములు తక్కువగా ఉంటే దానికీ దొరకవు.

చంపడం కుదరని చోట మూడో సాక్షి కాలమే. 60 రోజులు దాటాక మళ్లీ పరీక్షించండి. పశువులు ఎక్కువ, లెక్కలు తెలిసినవారి సాయం ఉంది అంటే, ఏ పరీక్షనూ నూరు శాతం నిజమని అనుకోకుండా అంచనా కట్టే లేటెంట్ క్లాస్ పద్ధతి ఉంది. దానికి జబ్బు శాతంలో తేడా ఉన్న రెండు మందలైనా ఉంటే మేలు.

10. నాలుగు గళ్ల పట్టిక వేయండి

రెండు వందల పశువుల మంద అనుకుందాం. లెక్క చూపడానికి నేను వేసుకున్న అంకెలివి:

- రెండింట్లోనూ పాజిటివ్: 18
- చర్మ పరీక్షలో మాత్రమే పాజిటివ్: 6
- గామా ఇంటర్‌ఫెరాన్‌లో మాత్రమే పాజిటివ్: 14
- రెండింట్లోనూ నెగటివ్: 162

180 పశువుల్లో మాట కలిసింది, అంటే 90 శాతం. చూడ్డానికి బాగుంది. కానీ మందలో ఎక్కువ పశువులు ఎలాగూ నెగటివే కాబట్టి, గుడ్డిగా చెప్పినా చాలా వరకు మాట కలుస్తుంది. ఆ వాటా తీసేస్తే మిగిలేదే కప్పా విలువ. చర్మ పరీక్షలో 12 శాతం, గామాలో 16 శాతం పాజిటివ్. గుడ్డిగా కలిసే అవకాశం: 0.12 × 0.16 + 0.88 × 0.84 = 0.758. కప్పా: (0.90 − 0.758) ÷ (1 − 0.758), అంటే దాదాపు 0.59. ఓ మోస్తరు ఏకాభిప్రాయం, అంతకు మించి కాదు.

గామా ఎనిమిది పశువులను ఎక్కువగా పట్టింది కదా, అదే మెరుగని చెప్పేయొచ్చా? మాట కలవని 6, 14 లను మెక్‌నెమార్ లెక్కలో (రెండు పరీక్షల తేడా నిజమా, అదృష్టమా అని చూసే లెక్క) పెట్టండి: తేడా 8 వర్గం 64ను మొత్తం 20తో భాగిస్తే 3.2. తేడా నిజమేననడానికి అది 3.84 దాటాలి. దాటలేదు. అంటే ఈ తేడా కేవలం అదృష్టం వల్ల వచ్చిందన్న అనుమానాన్ని కొట్టిపారేయలేం.

ఆ ఇరవై పశువులనే ఇప్పుడు రిజిస్టరులో వెతకండి. 18 పాజిటివ్‌లు, 162 నెగటివ్‌లు మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. చర్మంలో మాత్రమే వచ్చిన ఆరింటిలో నాలుగు ఒకే మనిషి కొలిచినవా? గామాలో మాత్రమే వచ్చిన పద్నాలుగులో పదకొండు ఒకే షెడ్డువా? వయసులో చిన్నవా? ఏవియన్ గడి కూడా ఎక్కువగా ఉందా? పోలికలో అసలు సరుకంతా మాట కలవని ఈ గళ్లలోనే ఉంటుంది.

11. మీ మందకు ఏది నప్పుతుందో లెక్క వేయండి

ప్రచురితమైన అధ్యయనాల్లో కంపారిటివ్ చర్మ పరీక్ష సెన్సిటివిటీ (జబ్బున్నవాటిలో ఎన్నింటిని పట్టుకుంటుందన్న శాతం) 52 నుంచి 100 శాతం దాకా చెదిరి ఉంటుంది, మధ్య విలువ 80 దగ్గర. స్పెసిఫిసిటీ మధ్య విలువ 99.5. గామా ఇంటర్‌ఫెరాన్‌కు అవి దాదాపు 88, 96.6. ఈ అంకెలతో వెయ్యి పశువుల మందను చూడండి, జబ్బు 2 శాతం, అంటే 20 పశువులు.

చర్మ పరీక్ష 16 పట్టుకుంటుంది, 5 మంచివాటిని తప్పుగా పాజిటివ్ అంటుంది. గామా దాదాపు 18 పట్టుకుంటుంది, 33 మంచివాటిని బలి చేస్తుంది. ఇక్కడ గామా పాజిటివ్ అన్న ప్రతి మూడింటిలో దాదాపు రెండు తప్పే.

ఇప్పుడు వంద పశువుల మంద, 30 శాతానికి జబ్బు. చర్మ పరీక్ష 24 పట్టి 6 వదిలేస్తుంది. గామా 26 పట్టి 4 వదిలేస్తుంది, తప్పుగా అనేది రెండో మూడో. ఇక్కడ వదిలేసిన ఒక్కో ఆవూ మళ్లీ మందను అంటిస్తుంది కాబట్టి ఇక్కడ నేను గామా వైపే ఉంటాను, ఇంకా చెప్పాలంటే రెండూ చేసి ఏ ఒక్కదానిలో పాజిటివ్ వచ్చినా తీసేయమంటాను.

రెండూ కలిపితే కాగితం మీద సెన్సిటివిటీ 97.6 శాతం వస్తుంది. నిజంలో అంత రాదు. రెండూ ఒకే కిటికీలోంచి చూస్తున్నాయన్నాను కదా, ఒకటి వదిలేసిన పశువును రెండోది కూడా వదిలేసే అవకాశం ఎక్కువ. జబ్బు బాగా ముదిరి కణాల స్పందన చచ్చిపోయిన ఆవు రెండింటికీ నెగటివే. చిక్కిపోయి, దగ్గుతూ, రెండు పరీక్షల్లోనూ "ఆరోగ్యం" అనిపించుకునే అలాంటి ముసలి ఆవు ఒక్కటి మందలో మిగిలితే మీ శ్రమంతా నీళ్లపాలు. యాంటీబాడీ ఎలీసా అక్కరకొచ్చేది అక్కడే.

తరచూ జరిగే తప్పులు

- పాజిటివ్‌లను మాత్రమే చంపి చూసి సెన్సిటివిటీ లెక్క వేయడం. రెండింట్లోనూ నెగటివ్ వచ్చినవాటిలోంచి కొన్నింటినైనా చూడకపోతే వదిలేసినవి ఎన్నో ఎప్పటికీ తెలియదు, సెన్సిటివిటీ ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది.
- అనుమానాస్పదాలను ఫలితం నచ్చేలా ఒకసారి పాజిటివ్‌లో, ఒకసారి నెగటివ్‌లో కలపడం. రెండు రకాలుగానూ లెక్క వేసి రెండూ చూపండి.
- ఎర్ర సిరంజిలో నీలం మందు. మంద మొత్తంలో ఏవియన్ చోటే పెద్ద వాపులు కనిపిస్తే ముందు సిరంజీలనే అనుమానించండి.
- వేడిలో, ఎండలో పెట్టిన ట్యుబర్క్యులిన్ వాడటం. తెరిచిన సీసాను మరుసటి వారానికి దాచుకోవద్దు.
- చిన్న అంకెల మీద పెద్ద మాటలు. 30 జబ్బు పశువుల్లో 25 పట్టిన పరీక్ష సెన్సిటివిటీ 83 శాతమే, కానీ దాని నమ్మక పరిధి 65 నుంచి 94 దాకా సాగుతుంది. ఆ పరిధి రాయకుండా 83 అని ఒక్కటే రాయకండి.

మీ పని సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూసుకోండి

ముందు, పది పశువులకు సూది వేయకముందు తీసే కొలతలను ఇద్దరు మనుషులు విడివిడిగా తీసి చూడండి. ఇద్దరి మధ్య తేడా తరచూ ఒక మిల్లీమీటరు దాటుతుంటే మిగతా పని ఆపి చెయ్యి సరిచేసుకోండి.

తర్వాత రిజిస్టరులో అంకెల చివరలు చూడండి. అన్ని పెరుగుదలలూ 0, 2, 5 లాంటి గుండ్రటి అంకెలేనా? అయితే ఎవరో కాలిపర్ తీయకుండానే రాశారు.

ఎలీసా రెండో సీరంలో ఒక్క పశువు విలువ కూడా పెరగలేదంటే, మందలో జబ్బు లేకపోవచ్చు, లేదా సూదులు చర్మంలో పడకపోవచ్చు. "సూది తప్పింది" అన్న గుర్తులు ఎన్నున్నాయో చూస్తే ఆ రెండింటిలో ఏదో తెలిసిపోతుంది. రెండు వందల పశువుల్లో ఒక్క గుర్తు కూడా లేకపోతే నేనైతే ఆ రిజిస్టరును నమ్మను.

చివరగా, మొదట అడిగిన ప్రశ్న. చర్మంలో పాజిటివ్, రక్తంలో నెగటివ్ వచ్చిన ఆవును ఏం చేయాలి? అలాంటి ఆవు రక్తపు మైటోజెన్ గడి సరిగ్గా ఉందో చూడండి. ఉంటే, మందలో జబ్బు రూఢి అయిందా అని చూడండి. అయ్యుంటే దాన్ని పాజిటివ్‌గానే లెక్కించి విడదీయండి. మందలో ఇంకెక్కడా జబ్బు ఆనవాలు లేకపోతే, అధికారులకు చెప్పి, వేరే కొట్టంలో కట్టి, నీళ్ల తొట్టి వేరు చేసి, పాలు మందలో కలపకుండా 60 రోజులు ఆగి మళ్లీ సూది వేయండి. మొదటిసారి సూది పడిన మెడవైపు కాకుండా రెండోవైపు వేయండి.